అమ్మకపు కాల్స్‌కు జవాబు చెప్పే పెద్దమ్మ: ఇంట్లో నడిచే ఆస్టరిస్క్ బాట్‌పై సమీక్ష

విశాఖపట్నంలో ఫోన్ నంబరున్న ప్రతివారికీ ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు స్థలం అమ్మజూపుతున్నారు. భోగాపురం విమానాశ్రయానికి కూతవేటు దూరంలో లేఔట్ అనీ, ఆనందపురం రోడ్డుకు ఆనుకునే ఉందనీ, విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అప్రూవల్ వచ్చేసిందనీ, మనం ఊఁ అంటే చాలు సైట్ విజిట్‌కు ఇంటికే కారు పంపిస్తామనీ చెప్పే ఈ కాల్స్‌కు తోడు పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డులు, ఇన్సూరెన్సు పాలసీలు, షేర్ మార్కెట్ టిప్పులు ఉండనే ఉన్నాయి. పదవీ విరమణ చేసినవారి నంబర్లు ఏ దారిన చేతులు మారతాయో గాని, పీఎఫ్ డబ్బు చేతికందేసరికి ఈ తాకిడి రెట్టింపవుతుంది. ఉద్యోగ జీవితమంతా ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో గడిపిన నేను, ఈ కాల్స్‌కు యంత్రం (బాట్) చేత జవాబు చెప్పించే ఏర్పాటును గాజువాకలోని మా ఇంట్లో పెట్టుకుని కొన్ని నెలలుగా వాడుతున్నాను. ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో, ఎవరు దీని జోలికి పోకూడదో తెలియజేయడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. లెన్నీ అనే పేరుతో ఒక ముసలాయన గొంతు చాలా ఏళ్ళుగా విదేశాల్లో టెలిమార్కెటర్లతో మాట్లాడుతూనే ఉంది. ఆ గొంతు వెనుక ఏ మేధస్సూ లేదు, ఉన్నవల్లా ముందే రికార్డు చేసిన 16 మాటల ముక్కలు. అవతలి మనిషి మాట ఆపగానే తరువాతి ముక్క మోగుతుంది. మొదటి నాలుగూ పలకరింపులు, మిగిలిన పన్నెండూ వరుసగా తిరుగుతూ ఉంటాయి. ఇంతే అయినా, 2017లో దీన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు తాము మాట్లాడుతున్నది రికార్డింగుతో అని గుర్తుపట్టిన కాలర్లు చాలా కొద్దిమందేనని తేల్చారు. అమెరికాలో రోజర్ అండర్సన్ అనే ఆయన ఇటువంటి బాట్లనే జాలీ రోజర్ టెలిఫోన్ కంపెనీ పేరుతో చందా సేవగా నడుపుతున్నారు. అయితే ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నవి. ఆస్ట్రేలియా యాసలో నెమ్మదిగా మాట్లాడే ముసలాయన గొంతు వినగానే మన తెలుగు కుర్రవాడు, ఇది తప్పు నంబరనుకుని పెట్టేస్తాడు. కాబట్టి ఇక్కడ పని జరగాలంటే మాటలు తెలుగులో ఉండాలి, అదీ ఉత్తరాంధ్ర తెలుగులో ఉండాలి.

ముందు సామగ్రి సంగతి. అన్నిటికీ మూలం ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఈ టెలిఫోన్ ఎక్స్ఛేంజి ప్రోగ్రాం నేటికీ ఎన్నో కార్యాలయాల్లో కాల్స్‌ను నడిపిస్తోంది. దాన్ని నేను నా దగ్గరున్న పాత రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఎక్కించాను. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, దానిలో విడిగా తీసుకున్న సిమ్ ఒకటి, డాబాగార్డెన్స్‌లో కొన్న యూఎస్‌బీ బ్లూటూత్ అడాప్టర్ ఒకటి ఉంటే సరిపోతుంది. ఆస్టరిస్క్‌లో చాన్ మొబైల్ అనే భాగం ఉంది. అది బ్లూటూత్ ద్వారా ఫోన్‌తో జతకూడి, కారులోని హ్యాండ్స్‌ఫ్రీ ఎలా కాల్ అందుకుంటుందో అలాగే అందుకుంటుంది. ఇది మామూలుగా ఆస్టరిస్క్‌తో పాటు సిద్ధంగా రాదు. ముందు బ్లూటూత్ లైబ్రరీ వేసుకుని, సోర్సు (మూల కోడ్) నుండి కంపైల్ చేసేటప్పుడు, భాగాలను ఎంచుకునే మెనూసెలెక్ట్ అనే పట్టికలో దీన్ని మనమే ఎంచుకోవాలి. ఒక అడాప్టర్‌కు ఒక ఫోన్ మాత్రమే అన్న పరిమితి కూడా ఉంది.

బ్లూటూత్ దారినే ఎందుకు ఎంచుకున్నానో గట్టిగా చెప్పాలి. సిమ్ కాల్‌ను ఇంటర్నెట్‌కు కలిపే గేట్‌వేలు, సిమ్ బాక్సులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటితో ఈ పని తేలిక కూడా. కాని అనుమతి లేకుండా అటువంటి ఎక్స్ఛేంజి నడపడం మన దేశంలో నేరం. నా ఏర్పాటులో కాల్ మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఫోన్‌కు వస్తుంది, ఫోన్ నుండి అదే గదిలోని బోర్డుకు వెళుతుంది, అక్కడితో ఆగిపోతుంది. బోర్డుకు ఇంటర్నెట్ తీగ కూడా పెట్టలేదు. ఎవరైనా ఈ ఏర్పాటు చేసుకోదలిస్తే ఈ గీత దాటవద్దని నా మనవి.

ఇక కాల్ బాట్ దగ్గరకు ఎలా చేరుతుందన్నది చూద్దాం, ఎందుకంటే మన ఊళ్ళో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. విదేశాల్లో చాలామంది తెలియని నంబర్లన్నిటినీ నేరుగా బాట్‌కు పంపేస్తారు. మనకు అది కుదరదు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, పార్సెల్ తెచ్చే అబ్బాయి, ప్లంబరు, డయాగ్నస్టిక్ సెంటర్ నుండి రిపోర్టు తయారైందని చెప్పే అమ్మాయి, వీరందరూ పది అంకెల తెలియని నంబర్ల నుండే చేస్తారు. వారిలో ఒక్కరిని బాట్ చేత ఆడించినా పాపమే. అందుకని నేను నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించలేదు. నా ఫోన్‌లో బిజీగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే ఫార్వర్డింగ్‌ను *67* కోడ్‌తో బాట్ సిమ్‌కు పెట్టుకున్నాను. కాల్ వస్తే ఎత్తుతాను, వింటాను. పనికొచ్చే కాల్ అయితే మాట్లాడతాను. అమ్మకపు కాల్ అయితే అవసరం లేదని మర్యాదగా చెప్పి పెట్టేస్తాను. చాలామంది అంతటితో ఊరుకుంటారు. వద్దని స్పష్టంగా చెప్పిన తరువాత కూడా మళ్ళీ చేసేవారి కాల్‌ను ఎత్తకుండా కట్ చేస్తాను, అది నేరుగా పెద్దమ్మ దగ్గరకు వెళుతుంది. బంధువుల కాల్‌ను వేరే పనిలో ఉండి కట్ చేసినా ఇబ్బంది లేదు. వారి నంబర్లన్నీ ఆస్టరిస్క్ డేటాబేసులో ఉన్నాయి కాబట్టి, తరువాత చేస్తానని నా గొంతుతో చెప్పి అది పెట్టేస్తుంది. నా సిమ్‌లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఆ సంగతి చెప్పే ప్రకటన ఒకటి కాలర్‌కు వినపడుతుంది. దాన్ని పట్టించుకుని ఆగిపోయినవారు నాకు తెలిసినంతలో లేరు.

పెద్దమ్మ అన్నాను గదా, ఆ గొంతు నిజంగానే మా పెద్దమ్మది. భీమిలి పక్క పల్లెలో ఉంటుంది, వయసు ఎనభై దాటింది, మాటలో వడి తగ్గలేదు. దేనికోసమో అంతా వివరించి, ఆవిడ సరేనన్న తరువాతే వరండాలో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. ఈ పనిలో సాంకేతికం ఒక వంతైతే మాటల ఎంపిక మూడు వంతులు. ప్రతి ముక్కా ఏ ప్రశ్నకైనా జవాబులా వినపడాలి, అవతలివారి చేత మళ్ళీ మాట్లాడించాలి, దేనికీ ఒప్పుకోకూడదు, ఏ వివరమూ చెప్పకూడదు. బాగా పనిచేసిన ముక్కలు కొన్ని చెబుతాను.

"ఉండు నాయినా, ఒక సెవి ఇనపడదు నాకు. ఈ పక్కకి ఎట్టుకుంతాను, ఇప్పుడు సెప్పు."

"అలాగా? మళ్ళీ ఒకపాలి సెప్పు బాబూ, నిదానంగా సెప్పు."

"మా పెద్దోడు కూడా మొన్న ఇదే మాట సెప్పినాడు. నువ్వు ఆడికి తెలిసినోడివేనా?"

"ఉండుండు, పొయ్యి మీద పాలున్నాయి. పెట్టేయకు, ఇప్పుడే వొచ్చెత్తాను."

మూడవ ముక్క స్థలానికైనా, లోనుకైనా, పాలసీకైనా సరిపోతుంది, పైగా అవతలివారికి ఆశ పుట్టిస్తుంది. పాల ముక్క తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడరు, దూరంగా గిన్నె చప్పుడు మాత్రం వస్తుంది. ఈ విరామంలో కూడా పూర్తి నిశ్శబ్దం ఉండకూడదు. ఫోన్‌లో ఏ శబ్దమూ లేకపోతే లైను తెగిందనుకుని రెండుసార్లు హలో అని పెట్టేస్తారు. అందుకని వరండాలో ఫ్యాను చప్పుడు, కాకుల అరుపు, వీధిలో చేపలమ్మే ఆవిడ కేక కలిసిన నేపథ్యాన్ని విడిగా రికార్డు చేసి, బాట్ వింటున్నంతసేపూ అది మోగేలా పెట్టాను. ఆస్టరిస్క్‌లో బ్యాక్‌గ్రౌండ్ డిటెక్ట్ అనే ఆదేశం సరిగ్గా ఈ పనికే ఉంది. ఒక శబ్దాన్ని వినిపిస్తూనే అవతలి మాట మొదలైందా, ఆగిందా అని కనిపెడుతుంది.

ఒక కాల్ ఎలా సాగిందో చూడండి. ఎవరో కుర్రవాడు, సబ్బవరం వైపు లేఔట్ గురించి. తనకు చెప్పిపెట్టిన పాఠం గడగడా అప్పజెప్పాడు. చెవి వినపడదన్న ముక్క వచ్చింది, గొంతు పెంచి మళ్ళీ మొత్తం చెప్పాడు. పెద్దవాడి ముక్క రాగానే అతని గొంతు మారిపోయింది. "అవునమ్మా, సార్ మా దగ్గరకే వచ్చుంటారమ్మా, సార్ పేరేంటమ్మా?" అన్నాడు. దానికి జవాబుగా పాలు పొంగుతున్న ముక్క వచ్చింది. అతను ఆగాడు. పక్కనున్న ఎవరికో, "పెద్దావిడ, పాలు దింపడానికెళ్ళారు, ఉంటాను" అని చెప్పడం రికార్డులో స్పష్టంగా వినపడుతోంది. ఆవిడ తిరిగొచ్చి ఎక్కడున్నామని అడగ్గానే లేఔట్ ముఖద్వారం నుండి మళ్ళీ మొదలుపెట్టాడు. పది నిమిషాలు దాటాక, సాయంత్రం మా మేనేజరు గారు మాట్లాడతారని చెప్పి పెట్టేశాడు. మేనేజరు గారు నిజంగానే చేశారు, ఆయన కూడా పాల కోసం ఆగారు.

ఇంత సాఫీగా నడవడానికి నిశ్శబ్దాన్ని కొలిచే అంకెలను ఓపికగా సరిచేసుకోవాలి. మాట ఆగిన ఒక సెకను తరువాత తరువాతి ముక్క మోగించడం ఆస్టరిస్క్ సహజ గుణం. మన టెలికాలర్లు పాఠం చెబుతూ మధ్యలో ఊపిరి తీసుకునే విరామం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, అందుకని వారి మాటకు బాట్ అడ్డుపడుతుంది. ఒకటిన్నర సెకనుకు పెంచితే ముసలివారు ఆలోచించి బదులిచ్చినట్టే ఉంటుంది. రెండవ చిక్కు, అవతలి గదిలో పదిమంది ఒకేసారి మాట్లాడుతూ ఉంటారు, ఆ రొదను కూడా మాటే అనుకుని బాట్ నోరు తెరవదు. ఆస్టరిస్క్ డీఎస్‌పీ కాన్ఫిగరేషన్ ఫైలులో, ఎంత శబ్దం వరకు నిశ్శబ్దంగా లెక్కించాలో చెప్పే సైలెన్స్ థ్రెషోల్డ్ అనే విలువ 256గా ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఈ రొద లెక్కలోకి రాదు. మరీ పెంచితే మెత్తగా మాట్లాడే ఆడపిల్లల గొంతు కూడా లెక్కలోకి రాకుండా పోతుంది. రికార్డింగులను 8 కిలోహెర్ట్జ్ మోనోలోకి మార్చడం తప్పనిసరి. ఆ మార్పులో గొంతు పలచబడుతుంది, అది ఫోన్ గొంతులా సహజంగా ఉండటానికే తోడ్పడుతుంది.

కృత్రిమ మేధతో నడిచే బాట్ మేలు కాదా అని చాలామంది అడిగారు. బ్రిటన్‌లో ఓ2 సంస్థ 2024 నవంబరులో డైసీ అనే కృత్రిమ మేధ బామ్మను మోసగాళ్ళ కాలం వృథా చేయడానికే ప్రవేశపెట్టింది. తెలుగులో కూడా అటువంటిది చేయవచ్చు. నా అభిప్రాయంలో ఇంటి అవసరానికి అది అనవసరం. దానికి ఇంటర్నెట్ కావాలి, నిమిషానికింత అని ఖర్చవుతుంది, అవతలివారి గొంతు ఎక్కడి సర్వర్లకో వెళుతుంది, పైగా అది ఏం మాట్లాడుతుందో ముందుగా మనకు తెలియదు. పెద్దమ్మ ఏం మాట్లాడుతుందో ప్రతి మాటా నాకు తెలుసు.

ఇక ఇది చేయలేని పని. ఈ ఏర్పాటు వల్ల కాల్స్ తగ్గుతాయని ఆశించవద్దు. మాట్లాడిన నంబరును వారు ఆసక్తి ఉన్నవారి జాబితాలో వేసుకుంటారు, మేనేజరు ఫోన్ రావడానికి కారణమదే. కాల్స్ తగ్గేది ఫిర్యాదుతో. అందుకే బాట్ కంటే ముందు చేయవలసినది, 1909కు స్టార్ట్ 0 అని ఇంగ్లీషులో ఎస్ఎంఎస్ పంపి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీలో (అమ్మకపు కాల్స్ వద్దనేవారి జాబితాలో) పూర్తిగా నమోదు కావడం. నమోదైన టెలిమార్కెటర్లు 140తో మొదలయ్యే నంబర్ల నుండే చేయాలి. వారి పీడ ఈ నమోదుతో చాలావరకు వదులుతుంది. మామూలు పది అంకెల నంబర్లతో చేసేవారే అసలు బెడద. 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం కాల్ వచ్చిన 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు, అటువంటి నమోదు కాని కాలర్లపై టెలికాం కంపెనీ 5 రోజుల్లో చర్య తీసుకోవాలి. ఇదివరకు ఫిర్యాదుకు 3 రోజులే గడువు, చర్యకు 30 రోజులు పట్టేది. మనం డీఎన్‌డీలో లేకపోయినా వీరిపై ఫిర్యాదు చేసే హక్కుంది. ఇక్కడ బాట్ ఒక మంచి సాయం చేస్తుంది. ఎవరు, ఏ నంబరు నుండి, ఎప్పుడు చేశారో, ఏ సంస్థ పేరు చెప్పారో అంతా దాని దగ్గర నమోదై ఉంటుంది, ఫిర్యాదులో ఆ వివరాలు నింపడానికి వెతుక్కోనక్కరలేదు. 1600తో మొదలయ్యే నంబర్లను మాత్రం ఎన్నడూ బాట్‌కు పంపకండి. అవి బ్యాంకులు, ఆర్థిక సంస్థలు, ప్రభుత్వ విభాగాలు సేవా సమాచారం కోసం వాడే నంబర్లు.

పోలీసులమనో, సీబీఐ అనో బెదిరించే మోసగాళ్ళ కాల్స్‌ను కూడా పెద్దమ్మకు పంపను. ఈ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. డిజిటల్ అరెస్టు పేరుతో జరిగే దోపిడీలకు ఒంటరిగా ఉన్న వృద్ధులే ఎక్కువగా గురవుతున్నారు. వినికిడి తక్కువైన ముసలావిడ ఈ నంబరులో ఉందని అటువంటి ముఠాకు మనమే తెలియజేయడం, ఇంట్లో నిజంగానే పెద్దవారు ఉన్నప్పుడు, ఎంతమాత్రం మంచిది కాదు. ఆ కాల్ వస్తే వెంటనే కట్ చేసి, నంబరును బ్లాకు చేసి, టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు అనే విభాగంలో ఫిర్యాదు చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇదే కారణంతో బాట్ సిమ్‌కు బ్యాంకు ఖాతాను గాని, ఆధార్‌ను గాని, యూపీఐని గాని అనుసంధానం చేయకూడదు. పెద్దవారు ఒంటరిగా ఉండే ఇళ్ళలో ఈ ఏర్పాటే వద్దని నా సలహా.

మరొక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. రికార్డు చేసిన ముక్కల్లో ఒకటి ఇలా ఉండేది: "నువ్వేవూరోడివి నాయినా? మాట మనూరి మాటలాగే ఉంది." మిగతా అన్నిటికంటే బలమైన ముక్క అదే. ఎంత తొందరలో ఉన్నవారైనా దానికి ఆగేవారు. ఒక అబ్బాయి పాలకొండ వైపని చెప్పి, స్థలం మాట పక్కనపెట్టి, మా అమ్మమ్మ కూడా మీలాగే మాట్లాడుతుందని, భోజనం చేశారా అని అడిగాడు. జవాబుగా పెద్దమ్మ, ఒక చెవి వినపడదని చెప్పింది. ఆ రికార్డు విన్న రోజే ఆ ముక్కను తీసివేశాను. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుండి డిగ్రీ చదివి వచ్చి, నెల జీతానికి, టార్గెట్లకు తలొగ్గి ఈ ఫోన్లు చేసే పిల్లల మీద నాకు కోపం లేదు. వద్దన్నా మళ్ళీ చేయించే యజమాని కాలం వృథా కావాలి గాని, ఆ పిల్లలు మనసు విప్పి చెప్పిన మాటను యంత్రానికి అప్పగించడం న్యాయం కాదు. అదే ఉద్దేశంతో టైమౌట్ అనే ఫంక్షన్‌తో ఒక్కో కాల్‌కు 12 నిమిషాల హద్దు పెట్టాను. ఆ వేళకు పెద్దమ్మ, "నడుం వాలుత్తాను బాబూ, ఇంక సెయ్యొద్దు, మాకేటీ వొద్దు" అని స్పష్టంగా చెప్పి పెట్టేస్తుంది. రికార్డులను ఫిర్యాదు అయిన వెంటనే చెరిపేస్తాను. నవ్వుకోవడానికి వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమని మిత్రులు ఎంత అడిగినా ఇవ్వలేదు.

నిర్వహణ భారం మరీ ఎక్కువ కాదు గాని, పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. నేను కొన్న బ్లూటూత్ అడాప్టర్ అప్పుడప్పుడు ఫోన్‌తో జత తెంచుకుంటుంది. రోజూ తెల్లవారుజామున ఆస్టరిస్క్ తనంతట తాను మళ్ళీ మొదలయ్యేలా పెట్టాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో యూఎస్‌బీ సాకెట్లకు తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి బోర్డును మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. లైనక్స్ టెర్మినల్ ముందు కూర్చునే అలవాటు లేనివారు పాలిటెక్నిక్ చదివే పిల్లల సాయం తీసుకుంటే మంచిది, వారికీ పని నేర్చుకున్నట్టవుతుంది. ఫార్వర్డ్ అయిన కాల్ మన నంబరు నుండి వెళ్ళిన కాల్‌గా లెక్కకు వస్తుంది, అందుచేత ప్లాన్ షరతులు ముందే చూసుకోవాలి. పిల్లల దగ్గరకు అమెరికాయో, సింగపూరో వెళ్ళేవారు బయలుదేరే ముందు ##002# నొక్కి ఫార్వర్డింగులన్నిటినీ తీసివేయాలి. రోమింగ్‌లో ఉండగా కట్ చేసిన కాల్ తిరిగి విశాఖకు ఫార్వర్డ్ అయితే రావడానికీ పోవడానికీ రెండు వైపులా రోమింగ్ చార్జీ పడే అవకాశం ఉంది.